రాజీవ్ హత్య, కుట్ర కథలు: అసలు మనిషిని ఎలా అంచనా వేయాలి?

ప్రశ్న: పల్నాటి_పిల్లోడు

నేను పుట్టింది 1993లో. రాజీవ్ గాంధీ అంటే నాకు చిన్నప్పటి నుంచి తెలిసింది మా ఊరి సెంటర్లో చెయ్యి ఊపుతున్న విగ్రహం, ఏటా మే 21న దానికి పడే దండ, అంతే.

మొన్న పండక్కి ఇంటికెళ్తే పెద్ద గొడవ. మా పెదనాన్న పాత కాంగ్రెస్ మనిషి. రాజీవ్ బతికుంటే దేశం ఎక్కడో ఉండేదనీ, చంపింది పులులే (శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్‌టీటీఈ వాళ్ళు) అయినా చంపించింది మాత్రం వేరే దేశం వాళ్ళనీ ఆయన ఖాయంగా చెప్తాడు. మా బావ దానికి పూర్తి రివర్స్. "బోఫోర్స్ ఫిరంగుల లంచాలు, సిక్కుల ఊచకోత, షాబానో భరణం కేసు. ఈ మూడూ చాలవా? చచ్చిపోయాడు కాబట్టి దేవుణ్ణి చేశారు" అంటాడు. ఇద్దరి ఫోన్లలోనూ ఒకే వీడియో ఉంది, "అసలు సూత్రధారి ఎవరు?" అని. అందులో సీఐఏ ఉంది, ఇజ్రాయెల్ గూఢచారి సంస్థ మొస్సాద్ ఉంది, ఒక స్వామీజీ ఉన్నాడు, విశాఖపట్నంలో ఆగిపోయిన విమానం ఉంది. పెదనాన్న దాన్ని చూసి కళ్ళు తుడుచుకున్నాడు. బావ అదే వీడియో చూసి "సొంత పార్టీ వాళ్ళే చేయించారు, చూశారా" అన్నాడు.

నేను అడిగేది ఏంటంటే, ఈ కుట్ర కథల్లో తేలింది ఎంత, గాలి ఎంత? అవి పక్కన పెట్టేస్తే ప్రధానిగా ఆయన్ని ఎలా చూడాలి? ఇంకోటి, 2022లో అందరినీ వదిలేశారు కదా, అంటే వాళ్ళు నిర్దోషులనా? ఆ రోజులు చూసినవాళ్ళు చెప్తే బాగుంటుంది. దయచేసి ఆ వీడియో లింకు మళ్ళీ నాకే పంపకండి.

జవాబు: డెస్క్_తాత

బాబూ, నువ్వు రెండు వేరు వేరు సంగతులు ఒకే మూటలో కట్టి తెచ్చావు. చావు సంగతి ముందు చూద్దాం, పాలన సంగతి తర్వాత.

1991 మే 21 రాత్రి నేను విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో డ్యూటీలో ఉన్నాను. దూరపు ఊళ్ళకి ముందుగా వెళ్ళే డాక్ ఎడిషన్ కట్టలు బండెక్కేశాయి. మొదటి పేజీలో ఆయన విశాఖ పర్యటన వార్తే ఉంది. టెలిప్రింటర్ గంట అదే పనిగా మోగడం మొదలైంది. ముందు పేలుడన్నారు, తర్వాత గాయాలన్నారు, ఆ తర్వాత ఇక చెప్పేదేముంది. పేస్టింగ్ టేబుల్ మీద అతికించిన బ్రోమైడ్లు పీకేసి పేజీ మొత్తం మళ్ళీ కట్టాం.

నాకు ఇప్పటికీ గుర్తున్నది ఆ వార్త కన్నా ఆ రాత్రి వచ్చిన ఫోన్లు. హంతకులెవరో ఒక్క అక్షరం రాలేదింకా. ఒకాయన "ఖలిస్తాన్ వాళ్ళే కదండీ" అంటాడు. ఇంకొకాయన "అమెరికా వాళ్ళటగా" అంటాడు. మరొకాయన "మీరు దాస్తున్నారు, ఇది తెలుగుదేశం పనే" అని తిట్టి పెట్టేశాడు. ఎవరికి ఎవరంటే పడదో వాళ్ళ పేరు చెప్పారన్నమాట. తెల్లారేసరికి రాష్ట్రంలో చాలాచోట్ల తెలుగుదేశం వాళ్ళ ఆస్తుల మీద పడ్డారు కూడా. తమిళనాడులో బాంబు పేలితే ఇక్కడి షట్టర్లేం చేశాయి? కుట్ర కథలు యూట్యూబ్‌తో పుట్టాయనుకునేవాళ్ళకి ఇది చెప్తున్నా. మృతదేహం మద్రాసు దాటకముందే అవి మా డెస్కుకి చేరాయి.

ఇక తేలిందేమిటి? తమిళనాడులో శ్రీపెరుంబుదూరు సభ దగ్గర రాత్రి 10.19కి పేలుడు. రాజీవ్‌తో పాటు 15 మంది చనిపోయారు, వాళ్ళలో 9 మంది పోలీసులు. 43 మందికి గాయాలు. నడుముకి బాంబు కట్టుకున్న ధను, ఫోటోలు తీయడానికి వాళ్ళే తెచ్చుకున్న హరిబాబు కూడా అక్కడే పోయారు. దర్యాప్తు మొత్తానికీ తాళం చెవి ఈ హరిబాబు కెమెరా. మనిషి పోయాడు గానీ శవం మీద కెమెరా చెక్కుచెదరలేదు. ఫిల్ము కడిగితే గంధపు దండ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి కనిపించింది. తెల్ల కుర్తా పైజమాలో, చేతిలో నోట్‌ప్యాడ్‌తో, విలేకరి వేషంలో ఆ బృందం నాయకుడు శివరాసన్ కనిపించాడు. నువ్వే ఆలోచించు. నిజంగా ఏ పెద్ద గూఢచారి సంస్థో పథకం వేస్తే తన మనుషుల్ని తనే ఫోటో తీయించి, ఆ ఫిల్మును అక్కడే వదిలేస్తుందా? తమ పని తాము రికార్డు చేసుకోవడం పులుల అలవాటు. ఆ అలవాటే వాళ్ళని పట్టించింది.

అంతకు రెండు వారాల ముందు, మే 7న, మద్రాసు నందనంలో వి.పి. సింగ్ సభ జరిగితే ఇదే బృందం అక్కడికెళ్ళి రిహార్సల్ చేసుకొచ్చింది. నాయకుడి దగ్గరికి ఎంత సులువుగా వెళ్ళొచ్చో చూసుకున్నారు. కాబట్టి "కుట్ర ఉందా" అంటే ఉంది, కోర్టులో రుజువైంది కూడా. సీబీఐ ప్రత్యేక దర్యాప్తు బృందం (సిట్) 41 మందిని నిందితులుగా చూపించింది. 12 మంది అప్పటికే చనిపోయారు. పులుల అధినేత ప్రభాకరన్, వాళ్ళ ముఖ్యులు పొట్టు అమ్మాన్, అఖిల దొరకలేదు. మిగిలిన 26 మందిని విచారించారు. ఉద్దేశం కూడా దాపరికం లేనిదే. ఈయన మళ్ళీ గెలిస్తే శ్రీలంకకి మళ్ళీ సైన్యాన్ని పంపుతాడని పులుల భయం.

మరి జనానికి ఇది ఎందుకు చాలడం లేదు? అంత పెద్ద మనిషి ఇంత చిన్న సందులోంచి పోవడమేమిటని మనసు ఒప్పుకోదు. కానీ జరిగింది అదే. 1989 డిసెంబరులో పదవి పోయాక ఎస్పీజీ (ప్రధానికి కాపలా ఉండే ప్రత్యేక దళం) రక్షణ తీసేశారు. చట్టం ప్రధానికే అంది, మాజీకి లేదంది. అన్ని బెదిరింపులున్న మనిషికి చట్టంలోని ఆ గీత దాటి ఏదో ఒకటి చేయాలని ఎవరికీ పట్టలేదు. ఆయన చనిపోయాక అదే ఏడాది చట్టం సవరించి మాజీ ప్రధానులకూ రక్షణ ఇచ్చారు. ఆ రాత్రి శ్రీపెరుంబుదూరులో ఒక మహిళా ఎస్సై ధనుని ఆపబోతే రాజీవే రానివ్వమన్నాడు. జనంలోకి దూసుకుపోవడం ఆయన ప్రచార పద్ధతి అప్పట్లో, 1989లో ఓడిపోయింది జనానికి దూరమవడం వల్లేనని ఆయన నమ్మకం. వర్మ కమిషన్ భద్రతా లోపాల మీద విడిగా నివేదిక ఇచ్చింది. అది చదివేవాడు ఉండడు. మొస్సాద్ వీడియోకి మాత్రం లక్షల్లో వ్యూస్.

పాలన సంగతి రేపు రాస్తా. కళ్ళు లాగుతున్నాయి.

జవాబు: నిప్పులేనిదే_పొగరాదు

తాతగారూ, పేపర్లో వచ్చిందే వేదం అనుకునే తరం మీది. నాలుగు ముక్కలడుగుతా, చెప్పండి. ఒకటి, పక్కన ఉండాల్సిన కాంగ్రెస్ పెద్దలు ఒక్కరూ ఎందుకు చావలేదు? రెండు, శివరాసన్‌ని బెంగళూరు దగ్గర చుట్టుముట్టి కూడా ప్రాణాలతో ఎందుకు పట్టుకోలేదు? చచ్చినవాడు నోరు విప్పడు కదా! మూడు, ఆ వీడియోలోని స్వామీజీ చంద్రస్వామి సంగతి హత్య కుట్ర మీద వేసిన జైన్ కమిషనే రాసింది, మరి ఆయన్ని ఎందుకు వదిలేశారు? నాలుగు, విశాఖలో విమానం చెడిపోవడం, మళ్ళీ టైముకి బాగైపోవడం, ఇదంతా కాకతాళీయమేనా? మీరు నమ్మండి, నేను నమ్మను.

జవాబు: సీతమ్మధార

విమానం సంగతి నేను చెప్తా. ఆ సాయంత్రం మా నాన్న ఆయన సభకి వెళ్ళారు. ఇక్కడ అభ్యర్థి ఉమా గజపతిరాజు గారు. సభ అయ్యి విమానాశ్రయానికి వెళ్తే విమానంలో కమ్యూనికేషన్ వ్యవస్థ పనిచేయడం లేదన్నారు. ఇక ఆ రాత్రికి ఇక్కడే అనుకుని రాజీవ్ గెస్ట్ హౌస్‌కి బయలుదేరారు. దారిలో ఉండగా బాగైందని కబురొచ్చింది. కారు వెనక్కి తిప్పించి మద్రాసు వెళ్ళిపోయారు. తనే పైలట్ కదా, విమానం తనే నడుపుకుంటూ వెళ్ళారు.

మా ఊళ్ళో ఆ తరం వాళ్ళందరిదీ ఒకటే మాట, "అది ఇంకో గంట బాగవకపోతే చాలేది" అని. అర్థం చేసుకోదగ్గ బాధే. కానీ దాన్ని కుట్ర అనేవాళ్ళకి ఒక్క సంగతి తట్టడం లేదు. చంపాలనుకున్నవాడు ఆయన్ని విశాఖలో ఎందుకు ఆపుతాడు? విమానం చెడిపోవడం ఆయన్ని కాపాడబోయింది అసలు. బాగుచేసిన ఇంజనీరుని కూడా కుట్రదారుణ్ణి చేస్తారా?

ఇంకో సంగతి. సానుభూతి గాలి అంటారు కదా, విశాఖలో పోలింగ్ ఆయన పోయాక జూన్‌లో జరిగింది. చివరి పగలు ఆయన గడిపిన ఊరు మాది. అయినా సీటు తెలుగుదేశం తరఫున ఎం.వి.వి.ఎస్. మూర్తి గారు గెలిచారు. జనం ఏడ్చారు, ఓటు మాత్రం ఆలోచించుకునే వేశారు.

జవాబు: నల్లకోటు

నేను క్రిమినల్ వైపు ప్రాక్టీసు చేస్తాను. తీర్పు చదివినవాడిగా మిగతా మూడింటికి చెప్తాను, తర్వాత ప్రశ్న వేసిన తమ్ముడి విడుదల సందేహం కూడా తీరుస్తాను.

"పెద్దలు చావలేదు" అనేది చాలా పాత మాట. చనిపోయినవాళ్ళలో మహిళా కాంగ్రెస్ వాళ్ళున్నారు, ఎస్పీ స్థాయి అధికారి ఉన్నాడు, రాజీవ్ సొంత భద్రతాధికారి ప్రదీప్ గుప్తా ఉన్నాడు. వీళ్ళంతా పెద్దలు కారా? చిన్న కార్యకర్త చనిపోతే లెక్కలోకి రాడు, రాష్ట్ర నాయకుడు బతికితే అనుమానం వస్తుంది! తమిళనాడు కాంగ్రెస్ నాయకులు మూపనార్, జయంతీ నటరాజన్ ఆ ఆవరణలోనే ఉన్నారు, పొగ తగ్గాక శవాన్ని గుర్తుపట్టినవాళ్ళే వాళ్ళు. బహిరంగ సభలో ఎవరు ఎన్ని అడుగులు వెనకబడ్డారన్నది నేరానికి సాక్ష్యం కాదు.

శివరాసన్ సంగతి. బెంగళూరు శివార్లలో కోననకుంటె ఇంటిని చుట్టుముట్టాక కమాండోలు లోపలికి వెళ్ళడానికి ఆలస్యమైన మాట నిజం. పులుల మెడలో సైనైడ్ గుళిక ఉంటుంది, విరుగుడు మందు వచ్చేదాకా ఆగారు. 1991 ఆగస్టు 20 తెల్లవారుజామున వెళ్ళేసరికి ఏడుగురూ చచ్చిపోయి ఉన్నారు, శివరాసన్ తుపాకీతో కాల్చుకున్నాడు. ఈ నిర్ణయం తప్పని విమర్శించవచ్చు, నేనూ విమర్శిస్తాను. ఆగకుండా వెళ్ళి ఉంటే ఒక్కడైనా దక్కేవాడేమో. కానీ చేతకానితనాన్ని, కుమ్మక్కుని ఒకే గాట కట్టేస్తే రేపు నిజంగా కుమ్మక్కయినవాణ్ణి పట్టుకోలేం.

చంద్రస్వామి మీద జైన్ కమిషన్ అనుమానం రాసింది, నిజమే. కమిషన్ అనుమానం వేరు, కోర్టులో నిలిచే సాక్ష్యం వేరు. 1998లో కమిషన్ తుది నివేదిక ఇచ్చాక ఆ కోణాలు చూడడానికి సీబీఐ కింద ప్రత్యేక విభాగం పెట్టారు. ఇరవై ఏళ్ళు దాటినా ఈ కేసులో ఆయన మీద చార్జిషీటు పడలేదు. ఆయన 2017లో చనిపోయారు. ఇంతకు మించి ఎవరైనా చెప్తే కల్పించి చెప్తున్నట్టే.

అంటే దర్యాప్తు కడిగిన ముత్యమా? కాదు. కేసు ప్రధాన దర్యాప్తు అధికారిగా చేసిన రఘోత్తమన్ గారే రిటైరయ్యాక, సభాస్థలిలో తీసిన వీడియో క్యాసెట్ తొక్కిపెట్టారని బాహాటంగా అన్నారు. ఇలాంటివి అడగాల్సిన ప్రశ్నలు. కానీ ఇవి వీడియోల్లో ఉండవు, ఎందుకంటే వీటిలో విదేశీ విలన్ లేడు.

ఇప్పుడు విడుదల. 1998 జనవరిలో పూనమల్లిలోని టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) కోర్టు 26 మందికీ ఉరి వేసింది. 26కి 26! 1999 మేలో సుప్రీంకోర్టు దాన్ని వడపోసింది. నలుగురికి ఉరి, ముగ్గురికి యావజ్జీవం, మిగతా 19 మందిని హత్య కేసు నుంచి వదిలేసింది. ఇది టాడా చట్టం కింద ఉగ్రవాద చర్య కాదని కూడా చెప్పింది. కానీ అదే టాడా కింద పోలీసు ఎస్పీ ముందు ఇచ్చిన వాంగ్మూలాలు మాత్రం సాక్ష్యంగా నిలిచాయి. మామూలు చట్టంలో పోలీసు ముందు ఒప్పుకోలు చిత్తు కాగితంతో సమానమని లా మొదటి సంవత్సరం కుర్రాడికి కూడా తెలుసు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఇబ్బంది కలిగించేది ఇదే.

ఉరిశిక్ష పడ్డవాళ్ళలో ఒకడైన పేరరివాళన్ సంగతి చూడండి. పట్టుకున్నప్పుడు 19 ఏళ్ళు. రెండు 9 వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడన్నది ఆరోపణ. అవి దేనికో తనకు తెలియదని అతను చెప్పిన మాటను తాను వాంగ్మూలంలో రాయలేదని, దాన్ని రికార్డు చేసిన సీబీఐ అధికారి త్యాగరాజనే 2013లో బయటపెట్టారు. అప్పటికి ఆ కుర్రాడు ఉరి నీడలో దశాబ్దంన్నర గడిపాడు.

అయినా 2022 విడుదల నిర్దోషిత్వ తీర్పు కాదు. 2014లో క్షమాభిక్ష పిటిషన్ల మీద ఏళ్ళ తరబడి నానబెట్టారని ఉరిని యావజ్జీవంగా మార్చారు. 2018లో తమిళనాడు మంత్రివర్గం విడుదలకు సిఫార్సు చేస్తే గవర్నరు తేల్చకుండా పెట్టుకున్నారు. ఆ జాప్యం చూసి సుప్రీంకోర్టు రాజ్యాంగం తనకిచ్చిన ప్రత్యేక అధికారం, 142వ అధికరణం కింద 2022 మేలో పేరరివాళన్‌ని, నవంబరులో మిగతా ఆరుగురినీ వదిలింది. దోషమూ అలాగే ఉంది, విడుదలా ఉంది. సోనియా గాంధీ జోక్యంతో మరో దోషి నళిని ఉరి 2000లోనే తగ్గింది. 2008లో ప్రియాంక వేలూరు జైలుకెళ్ళి ఆమెను కలిశారు. ఆ కుటుంబం చూపిన నిదానం మన టీవీ చర్చలకు ఎన్నడూ అబ్బలేదు.

జవాబు: హవల్దార్_తమ్ముడు

అందరూ 1991 దగ్గరే ఆగిపోయారు. నా లెక్క 1987లో మొదలవుతుంది.

మా అన్నయ్య రాజీవ్ శ్రీలంకకి పంపిన శాంతి సేనలో జాఫ్నా వెళ్ళొచ్చాడు. వెళ్ళేటప్పుడు ఇంట్లో ఎవరికీ భయం లేదు. పేరులోనే శాంతి ఉంది, తమిళులే మనవాళ్ళని హారతిచ్చి పిలుస్తున్నారని పేపర్లో వచ్చింది. జూలై 29న కొలంబోలో ఒప్పందం. మర్నాడే గౌరవ వందనంలో ఒక శ్రీలంక నావికుడు తుపాకీ మడమతో రాజీవ్‌ని కొట్టాడు. సింహళీయులకి ఆ ఒప్పందమంటే ఎంత మంటో అక్కడే తెలిసిపోయింది. అక్టోబరుకల్లా పులులతో యుద్ధమే మొదలైంది. జాఫ్నా యూనివర్సిటీ మైదానంలో హెలికాప్టర్లలోంచి దింపిన సిక్కు దళం 30 మందిలో 29 మంది అక్కడే పోయారు.

అన్నయ్య ఒకటే మాట అనేవాడు. "వాళ్ళు వాడే పద్ధతులు మనం నేర్పినవేరా." అది నిజం. 1983 నుంచి ఆ కుర్రాళ్ళకి మన గడ్డ మీదే శిక్షణ ఇచ్చింది మన ప్రభుత్వం. ఆ పని మొదలైంది ఇందిర హయాంలో. కొడుకు దాన్ని ఆపకుండా, సరిదిద్దకుండా, చివరికి అదే కుర్రాళ్ళ మీదికి సైన్యాన్ని పంపాడు. కొయ్య డబ్బాలో చేసిన జానీ మైన్ మీద అన్నయ్య పక్కవాడు కాలేశాడు. డిటెక్టరుకి దొరకదు అది. వాడి పాదం పోయింది, అన్నయ్య పిక్కలో ఒక ముక్క ఉండిపోయింది. చలికాలం వస్తే కుంటేవాడు.

దాదాపు 1,200 మంది సైనికులు అక్కడ చనిపోయారు. 1990 మార్చిలో చివరి ఓడ మద్రాసు చేరితే ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి కూడా రాలేదు, తమిళుల్ని చంపిన సైన్యమని. ఇక్కడ వాళ్ళూ కాదన్నారు, అక్కడ వాళ్ళూ కాదన్నారు.

రాజీవ్‌ని చంపిందెవరని అడుగుతారు గానీ, ఈ 1,200 మందిని అక్కడికి ఏ లెక్కతో పంపారని ఒక్క వీడియో రాదు. నాకు ఆయన మీద పగ లేదు. చనిపోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు, అన్నయ్య కూడా అన్నం ముట్టలేదు. కానీ అమరుడు కాబట్టి అడగొద్దంటే మాత్రం ఒప్పుకోను.

జవాబు: డెస్క్_తాత

హవల్దార్ తమ్ముడి తర్వాత నేను రాసేది చప్పగా ఉంటుందేమో. అయినా నిన్న మాటిచ్చాను కాబట్టి రాస్తున్నా.

1991 మే నెల పేపర్లు ఏదైనా లైబ్రరీలో దొరికితే చూడండి. మే 20 వరకు రాసిన సంపాదకీయాల్లో ఆయన ఓడిపోయిన ప్రధాని, బోఫోర్స్ మరక మోస్తూ ఓట్లడుగుతున్న నాయకుడు. మే 22 నుంచి ఆధునిక భారత స్వాప్నికుడు. రాసిన చేతులు అవే. మధ్యలో మారింది బాంబు ఒక్కటే. పెదనాన్న, బావ పోట్లాడుకుంటున్నది ఈ రెండు రోజుల పేపర్లతోనే.

నా మటుకు నేను ఆయనకిచ్చే మంచి మార్కుల్లో మొదటిది సంతకాలకి. మిజోరం ఒప్పందం, 1986. ఆయుధం పట్టినవాడితో కూర్చుని మాట్లాడి, తన పార్టీ ముఖ్యమంత్రినే కుర్చీ దింపి, అది తిరుగుబాటు నాయకుడు లాల్‌డెంగాకిచ్చాడు. ఆ శాంతి ఇప్పటికీ నిలిచింది. అస్సాం ఒప్పందం అంత బాగా నిలవలేదు. పంజాబ్ ఒప్పందం మీద సంతకం పెట్టిన అకాలీ నాయకుడు లోంగోవాల్‌ని నెల తిరగకుండానే చంపేశారు. అయినా అధికారం పోతుందని తెలిసి కూడా ఒప్పందం చేసుకునే గుణం తర్వాత వచ్చినవాళ్ళలో నేను పెద్దగా చూడలేదు.

ఓటు వయసు 21 నుంచి 18కి దించింది ఆయనే. పార్టీ ఫిరాయింపుల్ని అడ్డుకునే చట్టం 1985లో తెచ్చాడు. అంతకు ముందు ఏడాదే మన ఎన్టీఆర్‌ని దింపి, నెల రోజులకి మళ్ళీ ఎక్కించిన తమాషా చూసినవాళ్ళం, ఆ చట్టం ఎందుకో మనకి చెప్పక్కర్లేదు. ఇప్పుడు దాన్నెలా తూట్లు పొడుస్తున్నారన్నది వేరే కథ. పంచాయతీలకి రాజ్యాంగ బలం ఇవ్వాలని 1989లో బిల్లు పెడితే రాజ్యసభలో వీగిపోయింది. రాష్ట్రాల నెత్తి మీంచి ఢిల్లీ నేరుగా ఊళ్ళోకి దిగుతోందని ప్రతిపక్షాలు ఎదురు తిరిగాయి. ఆ అనుమానంలో న్యాయం లేకపోలేదు. చివరికి పీవీ హయాంలో 1992లో 73వ సవరణగా వచ్చింది. ఇవాళ సర్పంచి కుర్చీలో ఆడవాళ్ళని చూసి రాజీవ్ పేరు చెప్పేవాళ్ళు పీవీ పేరు కూడా చెప్పాలి, మనవాడని కాదు.

ఫోన్ల సంగతి జనం ఎక్కువ చెప్తారు, అందుకే తక్కువ చెప్తా. ఎస్టీడీ బూత్ వచ్చాక మా జిల్లా విలేకరి వార్త పంపడానికి ట్రంక్ కాల్ బుక్ చేసి గంటలు కూర్చోవడం తప్పింది. దేశీయ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు తయారుచేసిన సీ-డాట్ ఇందిర ఉండగానే మొదలైంది, దాన్ని ముందుకు తోసింది ఈయన.

ఇక మాఫీ చేయలేనిది ఇందిర హత్య తర్వాత 1984లో ఢిల్లీలో జరిగిన సిక్కుల ఊచకోత. అధికారిక లెక్కే 2,733 మంది సిక్కులు. పదవిలోకి వచ్చిన మొదటి గంటల్లో సైన్యాన్ని వీధుల్లోకి దింపాల్సిన మనిషి ఆయన. అది చేయకపోగా, నవంబరు 19న బోట్ క్లబ్ సభలో మహావృక్షం కూలితే భూమి కంపిస్తుందన్నాడు. కొత్త వాడు, తల్లి పోయిన దుఃఖంలో ఉన్నాడు అని సర్దిచెప్పేవాళ్ళున్నారు. తర్వాత అయిదేళ్ళు ఆయనే ప్రధాని కదా? ఆ కేసుల్లో కాంగ్రెస్ నాయకుడు సజ్జన్ కుమార్‌కి శిక్ష పడింది 2018లో. ఈ 34 ఏళ్ళలో మొదటి అయిదు ఆయనవే. విడాకులిచ్చిన ముస్లిం భార్యకి భరణం ఇవ్వాలన్న షాబానో తీర్పు మీద చట్టం చేయడం, అదే 1986లో అయోధ్య తాళాలు తెరవడం, ఇక్కడ ఒకరిని అక్కడ ఒకరిని మెప్పిద్దామని చేసిన లెక్క. రెండు పక్కలా మంట పెట్టింది.

మన తెలుగువాళ్ళ వైపు నుంచి బేగంపేట ఉండనే ఉంది. 1982లో ముఖ్యమంత్రి అంజయ్యని విమానాశ్రయంలో అందరి ముందూ కసురుకున్నాడు. ఆ తర్వాత మార్చి 29న తెలుగుదేశం పుట్టింది. అదే మనిషి 1989లో దేశమంతా ఓడిపోతే 42లో 39 సీట్లిచ్చి ఆదుకున్నది కూడా మన రాష్ట్రమే. మన లెక్కలు మనకే తెలియవు.

నిప్పులేనిదే పొగరాదు గారికి ఒక్క మాట. కుట్ర కథల్లో అన్నిటికన్నా ఎక్కువ పని చేసింది 1997లో. జైన్ కమిషన్ మధ్యంతర నివేదికలో డీఎంకే పులులకి ఆశ్రయమిచ్చిందని వచ్చింది. డీఎంకే మంత్రుల్ని తీసేయమని కాంగ్రెస్ పట్టుబట్టింది, గుజ్రాల్ ఒప్పుకోలేదు, ప్రభుత్వం పడిపోయింది. ఆ తర్వాత 2004లో అదే కాంగ్రెస్, అదే డీఎంకే పొత్తు పెట్టుకుని కేంద్రంలో కలిసి కూర్చున్నాయి. నివేదికలో అక్షరం మారలేదు. మీరు నమ్మే కథని ఎప్పుడు తీయాలో, ఎప్పుడు అటకెక్కించాలో తేల్చేవాళ్ళు మీకన్నా బాగా తెలిసినవాళ్ళు.

పల్నాటి_పిల్లోడు

అందరికీ థాంక్స్ అండి. పెదనాన్నకి మొత్తం చదివి వినిపించాను. 1984 దగ్గర ఏమీ మాట్లాడలేదు. శాంతి సేన దగ్గర మాత్రం "మన ఊరి నుంచి కూడా ఒకడు పోయాడురా" అన్నాడు, నాకు ఇన్నేళ్ళూ ఎప్పుడూ చెప్పలేదు ఆ సంగతి. బావ సగం చదివి, బోఫోర్స్ మీద ఎవరూ నోరెత్తలేదేంటని అడుగుతున్నాడు. దానికి ఇంకో థ్రెడ్ పెట్టమంటారా?

నల్లకోటు

పెట్టండి. కానీ బావగారిని ముందు 2004 ఫిబ్రవరి 4 నాటి ఢిల్లీ హైకోర్టు తీర్పు చదవమనండి. రాజీవ్ లంచం తీసుకున్నాడనడానికి ఆధారం లేదని ఆ తీర్పు చెప్పింది. దళారీలు సొమ్ము తినలేదని మాత్రం చెప్పలేదు. ఈ రెండూ విడదీసి అడిగితే నేను జవాబిస్తా.